పన్నెండు గళ్ల పట్టిక పక్కన పెట్టి, తెలుగు క్రియ నుంచి ఇంగ్లీష్ టెన్స్‌లు నేర్చుకోండి

టెన్స్‌లు అనగానే స్కూల్లో పన్నెండు గళ్ల పట్టిక వేయిస్తారు. పైన ప్రెజెంట్, పాస్ట్, ఫ్యూచర్. పక్కన సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్. ఆ పట్టికను గడగడా అప్పజెప్పగలిగినవాళ్లు కూడా ఇంటర్వ్యూలో కూర్చోగానే 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్' అంటారు. పట్టిక రాక కాదు. మనకు మాట ముందు తెలుగులో పుడుతుంది. 'మూడేళ్ల నుంచి పనిచేస్తున్నాను' అని లోపల అనుకున్నాక, ఆ 'చేస్తున్నాను'ని పట్టికలో ఏ గడిలోకి తీసుకెళ్లాలో మనకెవరూ నేర్పలేదు. అసలు ఇబ్బంది అక్కడే.

అందుకే ఇక్కడ పట్టికతో కాకుండా మీ నోట్లో ఉన్న తెలుగు క్రియతో మొదలుపెడదాం. తెలుగులో ఒకే రూపం చేసే పనిని ఇంగ్లీష్ చాలాచోట్ల రెండు రూపాలకు పంచుతుంది. ఆ చీలిక ఎక్కడుందో, అక్కడ ఏ ప్రశ్న వేసుకోవాలో తెలిస్తే మనం చేసే టెన్స్ తప్పుల్లో చాలావరకు పోతాయి. పదో తరగతి దాకా చదివిన ఇంగ్లీష్ చాలు. ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి.

ముందుగా: ఒక తెలుగు క్రియను విప్పి రాయండి

'వెళ్లు' తీసుకుందాం. వెళ్తాను, వెళ్తున్నాను, వెళ్లాను, వెళ్లేవాణ్ని (ఆడవాళ్లైతే వెళ్లేదాన్ని). ఇవి అవుననే రూపాలు. వెళ్లను, వెళ్లడం లేదు, వెళ్లలేదు. ఇవి కాదనే రూపాలు. వీటితోపాటు వెళ్తే, వెళ్లాక, వెళ్లేసరికి. ఒక్కోదాన్ని ఒక్కో పేజీ తలమీద రాసి కింద ఖాళీ వదలండి. మనం రోజంతా మాట్లాడే మాటల్లో కాలం చెప్పే పనిని ఎక్కువగా ఈ రూపాలే మోస్తాయి. 'వెళ్తాను', 'వెళ్తున్నాను', 'వెళ్లాను' అనే మూడింటి దగ్గరే ఇంగ్లీష్ చీలుతుంది, కాబట్టి మన సమయం ఎక్కువగా అక్కడే పెడదాం.

'వెళ్తాను' పేజీ: రోజూనా, రేపా?

'రోజూ ఆరింటికి లేస్తాను.' 'రేపు ఆరింటికి లేస్తాను.' తెలుగులో క్రియ మారలేదు. రోజూ, రేపు అన్న మాటలే తేడా చెప్తున్నాయి. ఇంగ్లీష్‌లో క్రియ కూడా మారాలి. మొదటిది 'ఐ గెట్ అప్ ఎట్ సిక్స్ ఎవ్రీ డే'. రెండోది 'ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్ టుమారో'.

కాబట్టి నోట్లోకి '-తాను', '-తాడు', '-తుంది' రాగానే వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: దీని ముందు 'రోజూ' లేదా 'మామూలుగా' అని పెడితే అతుకుతుందా, 'రేపు' అని పెడితే అతుకుతుందా? 'రోజూ' అతికితే సింపుల్ ప్రెజెంట్. 'రేపు' అతికితే ఫ్యూచర్.

ఈ సింపుల్ ప్రెజెంట్ మనకు కొత్తదేమీ కాదు. హైస్కూల్ తెలుగు వ్యాకరణంలో తద్ధర్మార్థకం అని చదివే ఉంటారు. 'సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు', 'పక్షులు ఆకాశంలో ఎగురుతాయి'. ఫలానా రోజున జరిగిందని కాకుండా, ఆ వస్తువు స్వభావమే అది అని చెప్పే వాక్యాలివి. ఇంగ్లీష్ సింపుల్ ప్రెజెంట్ ముఖ్యంగా చేసే పని ఇదే. దాని పేరులో ప్రెజెంట్ అని ఉండటంతో 'ఇప్పుడు జరిగేది' అనుకుని చాలామంది దారి తప్పుతారు. దాన్ని తద్ధర్మంగా గుర్తుపెట్టుకుంటే 'వాటర్ బాయిల్స్ ఎట్ హండ్రెడ్ డిగ్రీస్' అని ఎందుకంటారో, 'ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో' అని రేపటి రైలు గురించి కూడా అదే రూపం ఎందుకు వాడతారో అర్థమవుతుంది. టైమ్‌టేబుల్ అనేది రైలుకు ఏర్పాటైన ధర్మం.

సినిమా కథ చెప్పేటప్పుడు కూడా మనం 'హీరో ఊరికి వస్తాడు, విలన్ మనుషుల్ని కొడతాడు' అంటాం. ఇంగ్లీష్‌లోనూ అంతే, 'ద హీరో కమ్స్ టు ద విలేజ్'. అక్కడ రెండు భాషలూ ఒకే దారిలో నడుస్తాయి, కాబట్టి కథ చెప్పడం మంచి సాధన. నిన్న చూసిన సినిమా కథ ఐదు నిమిషాలు ఇంగ్లీష్‌లో చెప్పి చూడండి. మీకు 's' ఎక్కడ జారిపోతోందో అప్పుడే బయటపడుతుంది.

ఆ 's' గురించి ఒక మాట. తెలుగులో వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తాం, వెళ్తారు అని మనిషి మారితే క్రియ చివర మారుతుంది. ఇంగ్లీష్‌లో సింపుల్ ప్రెజెంట్‌లో ఒక్కచోటే మారుతుంది: హి, షి, ఇట్ వచ్చినప్పుడు. మనకు ఇక్కడ ఇంకో చిక్కుంది. 'మా నాన్నగారు బ్యాంకులో పనిచేస్తారు' అంటాం. గౌరవం కోసం క్రియ బహువచనంలోకి వెళ్లింది. ఇంగ్లీష్‌లో ఆ గౌరవం క్రియలో కనబడదు. నాన్నగారైనా, ముఖ్యమంత్రిగారైనా ఒక్కరే కాబట్టి 'మై ఫాదర్ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్' అనే అనాలి.

ఇక 'రేపు' అతికే వాక్యాలు. ఇందులోనూ చిన్న తేడా ఉంది. కాలింగ్ బెల్ మోగింది, 'ఉండు, నేను చూస్తా' అన్నారు. అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయం: 'ఐల్ గెట్ ఇట్'. అదే 'వచ్చే నెల నుంచి జిమ్‌కి వెళ్తా' అని ముందే అనుకుని ఉంటే 'ఐ యామ్ గోయింగ్ టు జాయిన్ ఎ జిమ్ నెక్స్ట్ మంత్'. ఈ రెండూ తారుమారైనా ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. మొదట్లో దీనికోసం టెన్షన్ పడొద్దు. 'ఐ కమ్ టుమారో' అనకుండా ఉంటే ఈ పేజీ పని అయిపోయినట్టే.

భాషాశాస్త్రం చదివినవాళ్లలో చాలామంది ఇంగ్లీష్‌లో క్రియ రూపమే మారి చూపించే కాలాలు రెండే అంటారు: ప్రెజెంట్, పాస్ట్. జరగబోయేదాన్ని 'విల్' లాంటి మాటల్ని పక్కన చేర్చి చెప్తారు. పన్నెండు గళ్లు చూసి భయపడేవాళ్లకు ఇది ధైర్యమిచ్చే సంగతి.

'వెళ్తున్నాను' పేజీ: 'నుంచి' ఉందా?

ఇక్కడ సగం పని మీకు ముందే వచ్చు. 'ఇప్పుడు అన్నం తింటున్నాను' అంటే 'ఐ యామ్ ఈటింగ్'. 'రేపు విజయవాడ వెళ్తున్నాను' అంటే 'ఐ యామ్ గోయింగ్ టు విజయవాడ టుమారో'. టికెట్ కొనేసి, అంతా ఖాయమైన ప్రయాణానికి మనం ఎలా 'వెళ్తున్నాను' అంటామో, వాళ్లూ అలాగే 'గోయింగ్' అంటారు. తెలుగులో వచ్చినదాన్ని వచ్చినట్టే దించేయండి.

చీలిక వచ్చేది వాక్యంలో 'నుంచి' ఉన్నప్పుడు. 'ఐదేళ్ల నుంచి హైదరాబాద్‌లో ఉంటున్నాను.' ఇక్కడ 'ఐ యామ్ లివింగ్' సరిపోదు. పని ఎప్పుడో మొదలై ఇప్పటిదాకా సాగుతోంది కాబట్టి ఇంగ్లీష్ అప్పటినీ ఇప్పటినీ కలిపి కట్టే రూపం అడుగుతుంది: 'ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ హైదరాబాద్ ఫర్ ఫైవ్ ఇయర్స్'. నోట్లో 'నుంచి ... -తున్నాను' జంటగా వస్తే చెయ్యి 'హావ్ బీన్' మీదకు వెళ్లాలి. ఇది అలవాటు కావడానికి మీ జీవితంలోంచే పది వాక్యాలు రాయండి. ఎన్నాళ్ల నుంచి చదువుతున్నారు, ఎప్పటి నుంచి ఈ ఇంట్లో ఉంటున్నారు, ఎప్పటి నుంచి కళ్లజోడు పెట్టుకుంటున్నారు.

ఆ వెంటనే వచ్చే గొడవ 'సిన్స్', 'ఫర్'. తెలుగులో '2019 నుంచి' అంటాం, 'ఐదేళ్ల నుంచి' అని కూడా అంటాం. రెండింటికీ ఒకే 'నుంచి' ఉండటం వల్లే 'సిన్స్ ఫైవ్ ఇయర్స్' అన్న తప్పు నోటికి వస్తుంది. దీనికి తెలుగులోనే మంచి పరీక్ష ఉంది. 'నుంచి' తీసేసి '-గా' పెట్టి చూడండి. 'ఐదేళ్లుగా' బాగుంది, కాబట్టి 'ఫర్'. '2019గా' కుదరదు, కాబట్టి 'సిన్స్'. 'సోమవారం నుంచి'ని 'సోమవారంగా' అనలేం: 'సిన్స్ మండే'. 'రెండు వారాల నుంచి'ని 'రెండు వారాలుగా' అనగలం: 'ఫర్ టూ వీక్స్'. 'మూడు గంటల నుంచి ఎదురుచూస్తున్నా' అన్న వాక్యం తెలుగులోనే రెండు విధాలుగా ఉంటుంది. మధ్యాహ్నం మూడింటి నుంచా, మూడు గంటలసేపటి నుంచా? '-గా' పెట్టి 'మూడు గంటలుగా' అన్నదే మీ ఉద్దేశమైతే 'ఫర్ త్రీ అవర్స్'. గడియారం మూడు కొట్టినప్పటి నుంచి అయితే 'సిన్స్ త్రీ'.

ఈ పేజీలో రెండో చిక్కు, 'ఐఎన్‌జీ' పెట్టకూడని క్రియలు. 'ఐ యామ్ నోయింగ్', 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్', 'ఐ యామ్ వాంటింగ్' అనరు. ఇందులో తెలుగు మనకు కొంత సాయం చేస్తుంది. తెలుసు, కావాలి, ఇష్టం, ఉంది. వీటికి మనమూ '-తున్నాను' చేర్చం. 'నాకు తెలుస్తున్నాను' అనే మాటే లేదు. అలాంటివి ఇంగ్లీష్‌లోనూ సింపుల్‌గానే ఉంచండి: 'ఐ నో', 'ఐ వాంట్', 'ఐ లైక్', 'ఐ హావ్'. 'నుంచి' వచ్చినా వీటికి 'ఐఎన్‌జీ' చేరదు. 'అతను నాకు పదేళ్లుగా తెలుసు' అంటే 'ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్'.

అయితే కొన్నిచోట్ల తెలుగు మనల్ని పక్కదారి పట్టిస్తుంది. 'నాకు అర్థం కావడం లేదు' అంటాం, ఇంగ్లీష్‌లో మాత్రం 'ఐ డోంట్ అండర్‌స్టాండ్'. 'వాడు రాడనుకుంటున్నాను' అంటే 'ఐ డోంట్ థింక్ హి విల్ కమ్'. ఆన్‌లైన్ మీటింగ్‌లో రోజూ అడిగే 'నా మాట వినిపిస్తోందా?'ని 'ఆర్ యూ హియరింగ్ మీ?' అని అడిగేవాళ్లు ఎందరో. 'కెన్ యూ హియర్ మీ?' అనాలి. ఈ మూడింటినీ రూల్ వెతక్కుండా మొత్తం వాక్యంగా కంఠతా పట్టేయండి. 'హావ్'కి మాత్రం ఒక మినహాయింపు చెప్పుకోవాలి. అది 'కలిగి ఉండటం' కాకుండా 'తినడం, తాగడం' అన్న అర్థంలో వస్తే 'ఐ యామ్ హావింగ్ లంచ్' శుభ్రంగా అనొచ్చు.

'వెళ్లాను' పేజీ: 'ఎప్పుడు?'కి జవాబుందా?

మొత్తం టెన్స్‌లలో మనవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే. దీనికి రెండు మూడు రోజులు కేటాయించినా తప్పులేదు.

తెలుగు 'తిన్నాను' ఇంగ్లీష్‌లో రెండు: 'ఐ ఏట్', 'ఐ హావ్ ఈటెన్'. ఏది ఎప్పుడన్నది ఇంటి నుంచి వచ్చే ఒక ఫోన్ కాల్‌లో చూద్దాం.

అమ్మ: తిన్నావా?
మీరు: ఆ, తిన్నానమ్మా.
అమ్మ: ఎప్పుడు తిన్నావ్?
మీరు: ఎనిమిదింటికి తిన్నా.
అమ్మ: ఏం తిన్నావ్?
మీరు: దోసె తిన్నా.

తెలుగులో అన్నిచోట్లా ఒకే 'తిన్నా'. ఇప్పుడు ఇంగ్లీష్‌లో వినండి. 'హావ్ యూ ఈటెన్?' 'యెస్, ఐ హావ్ ఈటెన్.' 'వెన్ డిడ్ యూ ఈట్?' 'ఐ ఏట్ ఎట్ ఎయిట్.' 'వాట్ డిడ్ యూ ఈట్?' 'ఐ ఏట్ ఎ దోశ.'

మొదటి 'తిన్నావా' అన్నప్పుడు అమ్మకు కావలసింది గడియారం కాదు. ఇప్పుడు మీ కడుపు నిండి ఉందా లేదా అన్నదే. జరిగిపోయిన పనికి ఇప్పటి పరిస్థితితో ముడి ఉంది, కాబట్టి ప్రెజెంట్ పర్ఫెక్ట్. అది తేలిపోయాక సంభాషణ ఆ భోజనం దగ్గరికే వెళ్లిపోయింది. ఎప్పుడు, ఏమిటి అన్న వివరాలన్నీ అయిపోయిన సమయానికి చెందినవి, కాబట్టి సింపుల్ పాస్ట్. ఈ ఆరు మాటల్ని పైకి రెండు గొంతులతో చదవండి. తర్వాత 'తిన్నావా' తీసేసి 'సినిమా చూశావా', 'కరెంటు బిల్లు కట్టావా', 'డాక్టర్‌ని కలిశావా' పెట్టి మళ్లీ కట్టండి.

ఇందులోంచి పట్టుకోవాల్సిన పరీక్ష ఇది: వాక్యంలో 'ఎప్పుడు?' అన్న ప్రశ్నకు అయిపోయిన కాలంతో జవాబు ఉంటే సింపుల్ పాస్ట్. నిన్న, పోయిన వారం, చిన్నప్పుడు, 2021లో, పొద్దున ఎనిమిదింటికి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 'హావ్' పెట్టకండి. 'ఐ హావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2021' అన్నది మన రెజ్యూమేల్లో, వీసా ఇంటర్వ్యూల్లో తరచూ వినబడే తప్పు. '2021లో' అన్నారు కదా, తారీకు పడిపోయింది. 'ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2021' చాలు. ఏడాది చెప్పకుండా 'నా బీటెక్ అయిపోయింది' అని ఇప్పటి అర్హతగా చెప్పేటప్పుడు 'ఐ హావ్ కంప్లీటెడ్ మై బీటెక్' సరైనదే. అలాగే 'ఎప్పుడొచ్చావ్?'ని 'వెన్ హావ్ యూ కమ్?' అనడం. ప్రశ్నే 'ఎప్పుడు' అయినప్పుడు 'హావ్'కి చోటెక్కడిది? 'వెన్ డిడ్ యూ కమ్?'

ఇంగ్లీష్ పేపర్ చదివేటప్పుడు ఈ జంట ఎలా నడుస్తుందో గమనించండి. పీవీ సింధు గురించి చెప్పాలంటే: 'సింధు హాజ్ వన్ టూ ఒలింపిక్ మెడల్స్. షి వన్ సిల్వర్ ఇన్ రియో ఇన్ 2016.' రెండు పతకాలు ఇప్పటికీ ఆమె ఖాతాలో ఉన్నాయి, ఆమె మనముందు ఉన్నారు, అందుకని 'హాజ్ వన్'. రియో అనగానే, 2016 అనగానే అది ముగిసిన సమయం, అందుకని 'వన్'. కాలం చేసినవాళ్ల గురించి అయితే ఏడాది చెప్పకపోయినా మామూలుగా సింపుల్ పాస్టే వస్తుంది. సినారె 2017లో మరణించారు, కాబట్టి 'సినారె వన్ ద జ్ఞానపీఠ్ అవార్డ్' అనాలి, 'హాజ్ వన్' అనకూడదు. రాష్ట్రాల విషయమూ ఇలాగే చూసుకోండి. 'తెలంగాణ బికేమ్ ఎ స్టేట్ ఇన్ 2014.' 'తెలంగాణ హాజ్ బీన్ ఎ స్టేట్ సిన్స్ 2014.' మొదటిది ఏర్పడిన రోజు గురించి, రెండోది అప్పటి నుంచి ఇప్పటిదాకా సాగుతున్న స్థితి గురించి.

తెలుగులో కొన్ని మాటలు వినబడగానే ప్రెజెంట్ పర్ఫెక్ట్ వైపు చూడొచ్చు: ఇప్పుడే, ఇప్పటికే, ఇంకా (కాదనే వాక్యంలో), ఎప్పుడైనా, ఇప్పటిదాకా. 'ఇప్పుడే వచ్చాను' అంటే 'ఐ హావ్ జస్ట్ కమ్'. 'ఇంకా రాలేదు' అంటే 'హి హాజ్ నాట్ కమ్ యెట్'. 'తినేశాను', 'పంపించేశాను' లాంటి రూపాలు కూడా చాలాసార్లు ఇటే వస్తాయి: 'ఐ హావ్ ఆల్రెడీ సెంట్ ఇట్'. కానీ 'నిన్నే పంపించేశాను' అంటే 'నిన్న' గెలుస్తుంది: 'ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే'.

దుబాయ్, అమెరికాల్లో మనవాళ్లున్న ఇళ్లలో పనికొచ్చే తేడా ఒకటి. 'షి హాజ్ గాన్ టు దుబాయ్' అంటే వెళ్లింది, ఇంకా తిరిగి రాలేదు. 'షి హాజ్ బీన్ టు దుబాయ్' అంటే వెళ్లి వచ్చింది. 'మీరెప్పుడైనా కాశీ వెళ్లారా?' అని ఎదురుగా ఉన్నవాళ్లను అడగాలంటే 'హావ్ యూ ఎవర్ బీన్ టు కాశీ?' అన్నదే ప్రశ్న.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఒక సందేహం వస్తుంది. అక్కడి వాళ్లు 'డిడ్ యూ ఈట్ ఆల్రెడీ?', 'ఐ జస్ట్ సా హిమ్' అని సింపుల్ పాస్ట్‌తోనే మాట్లాడతారు కదా అని. నిజమే. అమెరికన్ ఇంగ్లీష్‌లో ఇది మామూలు మాట. బ్రిటన్‌లో, మన పరీక్షల్లో 'హావ్' ఆశిస్తారు. ఇందులో వెసులుబాటు ఒకవైపే ఉందని గుర్తుంచుకోండి. 'హావ్' రావాల్సిన కొన్నిచోట్ల అమెరికన్లు సింపుల్ పాస్ట్ వాడతారు గానీ, 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే' అని మాత్రం వాళ్లూ అనరు.

'వెళ్లలేదు' పేజీ: 'డిడ్' తర్వాత క్రియను ఒంటరిగా వదలండి

'ఐ డిడ్ నాట్ వెంట్', 'డిడ్ యూ సా?' అన్న తప్పులకు మందు మన భాషలోనే ఉంది. 'వెళ్లాను'ని కాదనాలంటే 'వెళ్లానులేదు' అనం. క్రియ మీదున్న 'ఆను' తీసేసి 'వెళ్లలేదు' అంటాం. తిన్నాను, తినలేదు. చూశాను, చూడలేదు. కాదనగానే క్రియ తన భూతకాలపు రూపం వదిలేసింది. ఇంగ్లీష్‌లోనూ అంతే: 'వెంట్' పోయి 'గో' మిగులుతుంది, పాస్ట్ బరువంతా 'డిడ్' మోస్తుంది. 'ఐ డిడ్ నాట్ గో.' ప్రశ్నకూ ఇదే పద్ధతి: 'డిడ్ యూ గో?' హి, షిలకు వచ్చే 's' కూడా ఇలాగే 'డజ్' మీదకు వెళ్లిపోతుంది. 'డజ్ షి వర్క్ హియర్?' అంటాం, 'వర్క్స్' అనం.

మిగతా పేజీలు

'వెళ్లేవాణ్ని' దగ్గర చీలికే లేదు. 'చిన్నప్పుడు చెరువులో ఈత కొట్టేవాళ్లం' అంటే 'వి యూజ్డ్ టు స్విమ్ ఇన్ ద పాండ్'. పాత అలవాటుకు 'వాజ్ స్విమ్మింగ్' వాడకండి. అది 'నువ్వు ఫోన్ చేసినప్పుడు ఈత కొడుతున్నా' లాంటి ఒక్క సందర్భానికి: 'ఐ వాజ్ స్విమ్మింగ్ వెన్ యూ కాల్డ్'.

'వెళ్లేసరికి' వచ్చినప్పుడు 'హాడ్' పని పడుతుంది. 'నేను స్టేషన్‌కి వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది.' రెండూ జరిగిపోయినవే, కానీ రైలు ముందు వెళ్లింది. 'వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ హాడ్ లెఫ్ట్.' తెలుగులో 'అప్పటికే' అన్న మాట చేర్చగలిగితే 'హాడ్' పెట్టండి. ఒక్క సంఘటనే చెప్తున్నప్పుడు అది అక్కర్లేదు. 'లాస్ట్ వీక్ ఐ హాడ్ గాన్ టు తిరుపతి' అని మన ఆఫీసుల్లో తరచూ వినిపిస్తుంది. 'ఐ వెంట్ టు తిరుపతి లాస్ట్ వీక్' సరిపోతుంది.

'వెళ్తే', 'వెళ్లాక' విషయంలో తెలుగును నమ్మండి. 'ఇంటికి వెళ్లాక ఫోన్ చేస్తాను' అన్నప్పుడు 'వెళ్లాక'లో భవిష్యత్తు గుర్తు ఏమీ లేదు, 'చేస్తాను'లోనే ఉంది. ఇంగ్లీష్‌లోనూ 'విల్' ఒక్కచోటే: 'ఐ విల్ కాల్ యూ వెన్ ఐ రీచ్ హోమ్'. 'వెన్ ఐ విల్ రీచ్' కాదు. 'వాన పడితే రాను' అంటే 'ఐ వోంట్ కమ్ ఇఫ్ ఇట్ రెయిన్స్'.

'వస్తానన్నాడు' అన్న మాటలో అతని మాట అతని నోట ఉన్నట్టే ఉంది: 'వస్తాను' అన్నాడు. దాన్ని అలాగే దించితే 'హి సెడ్ దట్ ఐ విల్ కమ్' అవుతుంది, వచ్చేది మీరని అర్థమొస్తుంది. 'హి సెడ్ హి వుడ్ కమ్' అనండి. 'అన్నాడు' పాస్ట్‌లో ఉంది కాబట్టి లోపలి 'విల్' కూడా ఒక అడుగు వెనక్కి జరిగి 'వుడ్' అయింది.

క్రియల మూడు రూపాలు గుంపులుగా పట్టండి

టెన్స్ సరిగ్గా ఎంచుకున్నా 'బ్రింగ్'కి 'బ్రాంగ్' అంటే పని చెడుతుంది. 'ఈడీ' చేరని క్రియలు రెండు వందల దాకా ఉన్నాయి. అక్షర క్రమంలో కాకుండా ధ్వని కలిసేవాటిని ఒకచోట రాసుకోండి. 'బై, బాట్, బాట్', 'బ్రింగ్, బ్రాట్, బ్రాట్', 'థింక్, థాట్, థాట్', 'టీచ్, టాట్, టాట్', 'క్యాచ్, కాట్, కాట్' ఒక గుంపు. 'డ్రింక్, డ్రాంక్, డ్రంక్', 'రింగ్, ర్యాంగ్, రంగ్', 'సింగ్, స్యాంగ్, సంగ్', 'బిగిన్, బిగాన్, బిగన్' ఇంకో గుంపు. 'పుట్, కట్, షట్, కాస్ట్, లెట్' అసలు మారవు. అందుకే 'హి పుట్స్' అంటే రోజూ పెడతాడని, 'హి పుట్' అంటే పెట్టాడని 's' ఒక్కటే చెప్తుంది. 'రీడ్' రాతలో మారదు, పలుకులో మాత్రం 'రీడ్, రెడ్, రెడ్'.

'ఈడీ' పలికే తీరు కూడా ఇప్పుడే దిద్దుకోండి. 'వాక్', 'స్టాప్', 'వాష్' లాంటి వాటి చివర అది 'ట్' అవుతుంది: వాక్ట్, స్టాప్ట్, వాష్ట్. 'కాల్', 'ప్లే', 'ఓపెన్' చివర 'డ్'. క్రియ చివరే ట్ లేదా డ్ ధ్వని ఉంటే అప్పుడు మాత్రమే ఒక అక్షరం పెరిగి 'వాంటిడ్', 'నీడిడ్'.

చివరి పని: మీ పరిచయం మీరే దిద్దుకోండి

ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకు మామూలుగా వినిపించే జవాబు ఇలా ఉంటుంది.

'ఐ యామ్ ఫ్రమ్ గుంటూరు. ఐ హావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2021. ఐ యామ్ వర్కింగ్ యాజ్ ఎ టెస్టర్ సిన్స్ త్రీ ఇయర్స్. ఐ యామ్ హావింగ్ గుడ్ నాలెడ్జ్ ఇన్ జావా. లాస్ట్ ఇయర్ ఐ హావ్ గాట్ ప్రమోషన్. మై ఫాదర్ ఈజ్ రన్నింగ్ ఎ మెడికల్ షాప్. ఇన్ కాలేజ్ డేస్ ఐ వాజ్ ప్లేయింగ్ వాలీబాల్.'

కిందికి చూడకుండా ముందు మీరే దిద్దండి. ఒక్కో వాక్యాన్ని తెలుగులోకి తెచ్చుకుని, ఏ పేజీదో చూసి, ఆ పేజీ ప్రశ్న వేయండి. '2021లో' అని 'ఎప్పుడు?'కి జవాబు చెప్పేశారు. 'మూడేళ్ల నుంచి'ని 'మూడేళ్లుగా' అనొచ్చు. జావా 'తెలుసు'. 'పోయినేడాది' అని మళ్లీ 'ఎప్పుడు?'కి జవాబు చెప్పేశారు. నాన్నగారి షాపు ఎప్పుడూ నడిచేదే, అది తద్ధర్మం. 'ఈజ్ రన్నింగ్' వ్యాకరణరీత్యా తప్పు కాకపోయినా ఏదో తాత్కాలికంగా చూసుకుంటున్నట్టు వినిపిస్తుంది. వాలీబాల్ 'ఆడేవాణ్ని'.

'ఐ యామ్ ఫ్రమ్ గుంటూరు. ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2021. ఐ హావ్ బీన్ వర్కింగ్ యాజ్ ఎ టెస్టర్ ఫర్ త్రీ ఇయర్స్. ఐ హావ్ ఎ గుడ్ నాలెడ్జ్ ఆఫ్ జావా. లాస్ట్ ఇయర్ ఐ గాట్ ఎ ప్రమోషన్. మై ఫాదర్ రన్స్ ఎ మెడికల్ షాప్. ఇన్ కాలేజ్ ఐ యూజ్డ్ టు ప్లే వాలీబాల్.'

ఇప్పుడు మీ సొంత పరిచయం ముందు తెలుగులో, రోజూ మాట్లాడే తెలుగులోనే రాయండి. ప్రతి క్రియ కింద గీత గీసి అది ఏ పేజీదో పక్కన వేసుకోండి. తర్వాతే ఇంగ్లీష్‌లో రాసి, ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. వినేటప్పుడు అన్నీ ఒకేసారి వెతక్కండి. మొదటిసారి 'హావ్' పక్కన తారీకు ఏదైనా పడిందా అన్నది ఒక్కటే చూడండి. రెండోసారి 'సిన్స్', 'ఫర్'. మూడోసారి 's'.